గట్టెక్కాక ఒకసారి కాళ్లు చూసుకోండి

నారుమళ్లు పోసేశాం. ఇంకో మూడు వారాల్లో మావైపు ఊడ్పులు మొదలవుతాయి. ఈ టైములో ఎప్పుడూ విత్తన శుద్ధి గురించో, నారుమడిలో జింకు లోపం గురించో రాస్తుంటాను. ఇవాళ వరి గురించి కాదు, కాళ్ల గురించి. మన కాళ్ల గురించే.

ఇది రాయమన్నది మా ఆవిడే. "పురుగుల గురించి పేజీలు పేజీలు రాస్తారు కదా, నా కాలు గురించి రాస్తే ఏం పోయింది? నలుగురికీ పనికొస్తుంది" అంది. రెండేళ్ల నుంచి వాయిదా వేస్తున్నాను. ఎందుకంటే అందులో తప్పు సగం నాది.

మాది డెల్టా. రెండున్నర ఎకరాలు సొంతం, ఎకరన్నర కౌలు. సార్వా వచ్చిందంటే దమ్ము దగ్గర్నుంచి కలుపు అయ్యేదాకా కాళ్లు నీళ్లలోనే ఉంటాయి. మా ఆవిడ ఊడ్పులకి మా చేలోకే కాదు, బదులు పనికి పక్కవాళ్ల చేలోకీ దిగుతుంది. పొద్దున ఆరింటికి దిగితే మధ్యాహ్నం అన్నానికి గట్టెక్కడం, మళ్లీ దిగడం. నాలుగు రోజులయ్యేసరికి చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య సందు తెల్లగా నానిపోయి, తోలు ఊడి, ఒరిసిపోయి ఉంటుంది. ఒకటే దురద, మంట. దీన్ని మన ఊళ్లలో ఎవరూ రోగం అనుకోరు. ఊడ్పులన్నాక కాళ్లు ఒరవవా అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి.

రెండేళ్ల కిందటి సార్వాలో ఆవిడ రాత్రిళ్లు మంచం పట్టెకేసి కాలు రుద్దుకుంటుంటే చూశాను. అంతకు ముందు ఏడాది నుంచే ఉందట. ఊడ్పులైపోయినా, దాళ్వా కోతలైపోయినా, ఎండాకాలంలో కూడా ఆ సందు పూర్తిగా మానలేదట. నాకు చెప్పలేదు. నేను అడగనూ లేదు. తర్వాత డాక్టరు గారు చెప్పిన మొదటి గుర్తు ఇదే. ఒట్టి నీటికి నానిన తోలైతే కాళ్లు పొడిగా ఉంచుకున్న కొద్ది రోజులకి మామూలైపోతుంది. పొలం పని ఆగాక కూడా ఆ సందు తెల్లగా, పొట్టు పొట్టుగా ఊడుతూ, దురద పెడుతూ, వాసన వేస్తూ ఉంటే అక్కడ శిలీంధ్రం చేరి ఉండొచ్చు. మన భాషలో బూజు. ఒంటి మీద గుండ్రంగా లేచే తామర ఉంది చూడండి, దాని జాతిదే ఇది. పాదానికి పడితే గుండ్రంగా ఉండదు కాబట్టి గుర్తుపట్టలేం.

అప్పుడు నేను చేసిన పని చెప్తాను. బండి మీద సెంటర్‌కి వెళ్లి మందుల షాపులో "కాళ్లు ఒరిసినయండి, దురదకి ఏదన్నా ఇవ్వండి" అన్నాను. ఒక ట్యూబు ఇచ్చాడు. రాసిన రెండు రోజులకే దురద పోయింది, ఎరుపు తగ్గింది. మా ఆవిడ సంతోషించింది, నేను గొప్పగా ఫీలయ్యాను. ఆపిన వారానికి మళ్లీ వచ్చింది. మళ్లీ ట్యూబు. అలా నాలుగు ట్యూబులు తెచ్చాను. ఈలోగా అది వేళ్ల సందు దాటి పాదం పైకి పాకింది, తర్వాత నడుము దగ్గర చీర కట్టు కింద కూడా వచ్చింది. ఆవిడ అది కూడా చెప్పలేదు.

ఆ ట్యూబులో ఏముందో తర్వాత తెలిసింది. బూజుకి ఒక మందు, బాక్టీరియాకి ఒక మందు, వాటితో పాటు క్లోబెటాసోల్ అనే గట్టి స్టెరాయిడ్. స్టెరాయిడ్ ఏం చేస్తుందంటే, దురద పెట్టించే ఒంటి పోరాటాన్ని అణిచేస్తుంది. చూడ్డానికి తగ్గినట్టే ఉంటుంది. కింద బూజుకి మాత్రం అడ్డుచెప్పేవాడు లేక హాయిగా పాకుతుంది. రాసి రాసి తోలు కూడా పలచబడిపోతుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది, కానీ మన దగ్గర పిప్పరమెంటు బిళ్లల్లా ఇచ్చేస్తున్నారు.

ఇక్కడ నా మీద నాకే సిగ్గేస్తుంది. ఈ పేజీలో నేను ఎన్నిసార్లు రాశాను? పురుగు మందుల కొట్టువాడు మూడు డబ్బాలు కలిపి ఇస్తే తీసుకోకండి, ముందు తెగులేంటో తేల్చుకోండి అని. పాముపొడ తెగులు నీటి మట్టం దగ్గర మొదలై పైకి పాకుతుంది, మీరు పై ఆకు మీద కొట్టి తగ్గిందనుకోకండి, దుబ్బు మొదలు తడవాలి అని. అన్నీ వరికి చెప్పాను. మా ఇంటి మనిషికి మాత్రం రోగం పేరు కూడా తెలుసుకోకుండా మూడు కలిపిన ట్యూబు నాలుగు సార్లు తెచ్చిచ్చాను.

ఆగస్టులో ఒక రాత్రి ఆవిడకి వణుకుతో జ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. మావైపు పొలంలో దిగేవాళ్లకి జ్వరం వస్తే ముందు ఎలుక జ్వరమేమో అని భయపడతాం, అది కూడా కాళ్ల మీద గాట్లలోంచే వస్తుంది కదా. తెల్లారి చూస్తే ఎడమ కాలు పాదం దగ్గర్నుంచి పిక్క సగం దాకా ఎర్రగా వాచి, ముట్టుకుంటే కాలిపోతోంది. పక్కింటావిడ చూసి "బోదకాలేమోనే" అంది. ఆ మాటకి ఇల్లంతా భయపడింది. మా గోదావరి జిల్లాల్లో ఆ మాట అంటే ఏంటో తెలిసినవాళ్లకి తెలుసు.

పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు గారు పిక్క చూడకుండా ముందు వేళ్లు విడదీసి చూశారు. చిటికెన వేలి సందులో చీలిక చూపించి "ఇదిగో, తలుపు తీసి పెట్టారు. బాక్టీరియా లోపలికి నడుచుకుంటూ వెళ్లింది" అన్నారు. దాన్ని సెల్యులైటిస్ అంటారట. తోలుకీ, దాని కింది పొరలకీ పట్టే ఇన్ఫెక్షన్. బూజు తోలుని పగలగొడితే, ఆ పగులులోంచి వేరే క్రిమి దూరింది. రక్తం పరీక్ష చేస్తే షుగర్ 286. ఆవిడకి షుగర్ ఉందని ఆ రోజే మాకు తెలిసింది.

కాలు వాచిపోయి వేళ్లు లావెక్కాయి. మెట్టెలు మాంసంలోకి దిగిపోతున్నాయి. సబ్బు నీళ్లు పోశారు, దారం చుట్టి లాగారు, రాలేదు. నర్సమ్మ చిన్న కట్టరు తెచ్చింది. జ్వరానికీ, నొప్పికీ, సెలైన్ సూదులకీ కంటనీరు పెట్టని మనిషి, మెట్టె కత్తిరిస్తుంటే ఏడ్చింది. మా పెళ్లినాటి మెట్టెలు అవి, ముప్పై ఏళ్లవి. నేను ఆ రెండు ముక్కలూ జేబులో వేసుకుని వరండాలోకి వచ్చి నిలబడ్డాను.

ఐదు రోజులు ఇంజెక్షన్లు, తర్వాత బిళ్లలు. కాలు దక్కింది. "ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యమైతే, ఈ షుగర్‌తో, వేళ్లు తీసేయాల్సి వచ్చేదేమో" అన్నారు. పాదం కింద సన్నటి నైలాన్ దారంతో పొడిచి "తెలుస్తోందా అమ్మా" అని అడిగారు. రెండు మూడు చోట్ల ఆవిడకి తెలియలేదు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారడం అట. నొప్పి తెలియని కాలు మరీ ప్రమాదం, ఎందుకంటే అది మనకి ఫిర్యాదు చేయదు.

అసలు వైద్యం ఆ తర్వాత మొదలైంది. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు. ఆవిడ కూడా మాలాగే పల్లెటూరి నుంచి వచ్చిన డాక్టరమ్మ. మా ఆవిడ కాళ్లు చూసి "పసుపు కడిగేసి రండి" అంది. కడిగాక బొటనవేలి గోరు చూస్తే నాకే ఆశ్చర్యం. పసుపుపచ్చగా, మందంగా, కింద పిండి పిండిగా, కొస దగ్గర పుచ్చిన చెక్కలా పెళుసుగా ఉంది. పిప్పిగోరు అంటాం కదా, అది. మూడు నాలుగేళ్ల నుంచి ఉందట. ఆషాఢంలో గోరింటాకు, పండగలకి పసుపు, పారాణి. రంగు కింద రంగు దాగిపోయింది. మన ఆడవాళ్ల కాళ్ల మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది, అందుకే ఎవరికీ కనపడదు. ఆ గోరే బూజుకి విత్తన కొట్టు. వేళ్ల సందులో ఎంత మందు రాసినా గోట్లోంచి మళ్లీ నారు పోసుకుంటూనే ఉంటుంది.

డాక్టరమ్మ నా కాళ్లు కూడా చూపించమంది. "నాకేం లేదండి, బొటనవేలి గోరొకటి మందం, పాదాలు కాస్త పగుళ్లు" అన్నాను. నా గోరు ఆవిడ గోరు కంటే ఘోరంగా ఉంటుంది. ఇద్దరి గోళ్ల కింద పొడీ, నా అరికాలి పొట్టూ బ్లేడుతో గీకి తీసుకుంది. తర్వాత "మీ చేతులు చూపించండి" అంది. నా కుడి అరచెయ్యి ఎప్పుడూ ఎండిపోయి గీతల్లో తెల్లగా పొట్టు రేగి ఉంటుంది. యూరియా జల్లీ జల్లీ అలా అయిందని నేను పదేళ్లుగా అందరికీ చెప్తున్నాను. "యూరియా అయితే రెండు చేతులూ పాడవ్వాలి కదండీ. మీరు ఏ చేత్తో కాళ్లు గోక్కుంటారు?" అని అడిగింది. కుడిచేత్తోనే. రెండు పాదాలు, ఒక చెయ్యి. ఈ బూజుకి అదొక గుర్తట. పాదాల నుంచి గోకిన చేతికి ఎక్కుతుంది.

ఆ గీకిన పొడిని గాజు పలక మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తారు. తోలు పొట్టు కరిగిపోయి బూజు దారాలు మిగులుతాయి. ల్యాబులో అమ్మాయిని బతిమాలుకుంటే నన్నూ మైక్రోస్కోపులో చూడనిచ్చింది. సన్నగా, కొమ్మలు చీలుతూ దారాలు. నేను ఇంటర్ బైపీసీ అండి. అప్పుడెప్పుడో ల్యాబులో రొట్టె మీద బూజు చూసి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. అదే వస్తువు నా అరికాలిలో ఉందని యాభై దాటాక తెలిసింది.

ఫలితం మాత్రం మేం అనుకున్నట్టు రాలేదు. మా ఆవిడ గోట్లో బూజు ఉంది. నా అరికాల్లో, అరచేతిలో ఉంది. నా ఘోరమైన గోట్లో లేదు! ఎప్పుడో వడ్ల బస్తా కాలి మీద పడిన దెబ్బకి గోరు మొదలు దెబ్బతిని అలా మందంగా పెరుగుతోందట. ఒక్కసారికి నమ్మకం కుదరదని ఇంకోసారి గీకి కల్చర్‌కి కూడా పంపారు, అందులోనూ రాలేదు. మందంగా, వంకరగా ఉన్న గోళ్లలో సుమారు సగమే బూజు వల్ల అట. మిగతావి దెబ్బలు, బిగుతు చెప్పులు, సోరియాసిస్ లాంటివి. చూపుతో తేల్చేసి నెలల తరబడి మందు మింగితే డబ్బూ దండగ, లివరుకీ దండగ. గోరు కింద నల్లటి చార వచ్చి వెడల్పవుతూ ఉంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చూపించుకోవాలంది. అరుదే గానీ క్యాన్సర్ అయ్యే అవకాశం ఉంటుందట.

వైద్యం విషయానికొస్తే, వేళ్ల సందుకి స్టెరాయిడ్ లేని ఒట్టి బూజు మందు, మాకు క్లోట్రిమజోల్ రాశారు. రోజుకి రెండు సార్లు, కడిగి పూర్తిగా ఆరాక, కనపడే మచ్చ మీదే కాక చుట్టూ రెండు వేళ్ల మేర. దురద పోయాక కూడా ఇంకో రెండు వారాలు ఆపకూడదు. ఇక్కడే అందరం తప్పు చేస్తాం. గోరుకి పూత మందు సరిపోదు, ఎందుకంటే గోరు లోపలికి మందు సరిగా ఇంకదు. మా ఆవిడకి లివరు పరీక్ష చేశాక టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాముల బిళ్ల, రోజుకొకటి, పన్నెండు వారాలు ఇచ్చారు. ఇది మీరు మీరుగా కొనుక్కుని వేసుకునేది కాదు. లివరు జబ్బున్నవాళ్లు, గర్భిణులు, వేరే బిళ్లలు వాడేవాళ్లు డాక్టరుకి చెప్పి తీరాలి.

నాకు కొన్ని వారాల బిళ్లలూ, అరికాలి మందపు తోలు మెత్తబడటానికి ఒక క్రీమూ రాసింది. ఏం క్రీమో తెలుసా? యూరియా! పదేళ్లు యూరియాని తిట్టిన పాపానికి పొద్దునా సాయంత్రం దాన్నే కాళ్లకి రాసుకున్నాను. మా ఆవిడ ఇప్పటికీ "ఎకరానికి ఎంత వేశారు?" అని అడుగుతుంది.

పన్నెండు వారాలు బిళ్లలు వేసినా గోరు అలాగే ఉంటే డబ్బు పోయిందనుకోకండి. పాడైన గోరు బాగవదు. మొదట్నుంచి కొత్త గోరు రావాలి. కాలి బొటనవేలి గోరు నెలకి ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరగడమే గొప్ప. పూర్తిగా మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. నాలుగో నెలలో గోరు మొదట్లో సన్నటి నెలవంకలా తేట గోరు కనపడింది. ఆ రోజు మా ఆవిడ చేలో ఉన్న నాకు ఫోటో పంపింది. మోడువారిన చేలో ఒక దుబ్బు పిలక వేసినట్టు ఉంది. పోయిన దాళ్వా కోతలయ్యేసరికి మొత్తం కొత్త గోరు వచ్చేసింది.

ఒక సంగతి తప్పకుండా చెప్పాలి. మా చేను పక్క కుర్రాడు, తెలివైనవాడే, "బాబాయ్, చేలో కొట్టే హెక్సాకొనజోలూ, కాళ్లకి రాసే క్లోట్రిమజోలూ ఒకటే కదా, పేర్లు చూడు" అని మూత నిండా మందు బకెట్లో కలుపుకుని కాళ్లు పెట్టాడు. మూడు రోజులు చెప్పులు వేసుకోలేకపోయాడు, తోలంతా కాలి బొబ్బలెక్కింది. జాతి దగ్గరిదే కావచ్చు. కానీ పొలం మందులో ఆ పదార్థం ఒక్కటే ఉండదు, ఆకుకి అంటుకోవడానికి కలిపే ద్రావకాలు ఉంటాయి, అవి మనిషి తోలుకి చేసినవి కావు. మైలుతుత్తం నీళ్లలో కాళ్లు పెట్టడం కూడా మా నాన్నగారి కాలం నుంచి ఉంది. పుండు మీద అది మంటే గానీ మందు కాదు. పర్మాంగనేట్ నీళ్లు డాక్టరు చెప్తే వాడండి, కానీ లేత గులాబీ రంగే ఉండాలి. ముదురు ఊదా చేస్తే అదీ కాలుస్తుంది.

ఇక మా పెద్దమ్మ సంగతి. ఆవిడకి డెబ్బై దాటాయి, నిజంగా బోదకాలు ఉన్న మనిషి, నలభై ఏళ్లుగా. ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఆవిడని చూడ్డానికి వచ్చి, కాలు ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులు చూసి నన్ను తిట్టింది. ఫైలేరియా వాళ్లు ఎప్పుడో నేర్పారట ఆవిడకి. రోజూ సాయంత్రం సబ్బుతో కాలు కడగాలి, ప్రతి మడతా, ప్రతి వేలి సందూ మెత్తటి గుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి, చీలిక ఉంటే వెంటనే మందు రాయాలి. లేకపోతే అక్కణ్ణించే క్రిమి దూరి జ్వరాలు వస్తాయి, జ్వరం వచ్చినప్పుడల్లా కాలు ఇంకా లావెక్కుతుంది. ఊరంతా అసహ్యించుకునే ఆ కాలికి వేళ్ల సందులు చూడండి, అద్దంలా ఉంటాయి. మా అందరివీ పాడైన సందులే.

మెట్టెల దగ్గర పెద్ద గొడవైంది. కొత్తవి చేయించాను. డాక్టరమ్మ రాత్రిళ్లు తీసేసి వేలు ఆరనివ్వమంది. మా ఆవిడ ఒప్పుకోలేదు, మొగుడు ఉండగా మెట్టెలు తీయడమేంటి అని. నేను చెప్తే వినదు. పెద్దమ్మే "కాలుంటే కదే పిచ్చిదానా మెట్టెలుండేది" అంది. అప్పటి నుంచి పడుకునేముందు తీసి దేవుడి గూట్లో పెడుతుంది, పొద్దున స్నానమయ్యాక వేసుకుంటుంది. కొంచెం వదులుగా చేయించాం.

పోయిన సార్వా నుంచి మా బోరు దగ్గర ఒక గోనెపట్టా, తీగ మీద నాలుగు పాత నూలు పంచె ముక్కలు ఉంటాయి. ఊడ్పులకి వచ్చినవాళ్లు గట్టెక్కగానే కడుక్కుని, కూర్చుని, వేలు వేలూ విడదీసి తుడుచుకోవడం. గుడ్డ ఎవరిది వాళ్లదే. గోళ్లు తీసుకునే కట్టరూ అంతే. గమ్ బూట్లు వాడేవాళ్లు సాయంత్రం బోర్లించి ఎండకి పెట్టండి, లోపల తడి ఉంటే బూటే కుంపటి. తడి చెప్పులతో రోజంతా తిరక్కండి, రెండు జతలు ఉంచుకుని మార్చి మార్చి వేసుకోండి. షుగర్ ఉన్నవాళ్లు రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలోనో ఇంకొకరి చేతనో చూపించుకోండి. కాలు ఎర్రగా వాచి, వేడెక్కి, చలిజ్వరం వచ్చిందంటే ట్యూబుల కోసం తిరక్కుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

మొదట్లో ఊడ్పుల ఆడవాళ్లు నవ్వారు. "ఏంటయ్యా, మాకు పెళ్లిచూపులా, కాళ్లు తుడిపిస్తున్నావు" అని. నలుగురు వేళ్లు విడదీసి చూసుకుంటే ముగ్గురికి ఒరుపులున్నాయి. ఒకావిడ తన ట్యూబు తెచ్చి చూపించింది. నేను తెచ్చిన ట్యూబే అది, అదే రంగు డబ్బా. చేతిలోంచి లాక్కుని బోదెలో పారేయబోయాను. నీళ్లలో వెయ్యొద్దని మా ఆవిడ కేకేసింది.

ఈసారి ఊడ్పులకి ఆవిడ దిగనంటోంది, డాక్టరు వద్దన్నారని. ఎన్ని రోజులు గట్టు మీద కూర్చుంటుందో చూడాలి. నారుమడి పోస్టు ఆదివారం పెడతానండి. నా బొటనవేలి గోరు ఎలా ఉందని అడుగుతారేమో, అలాగే ఉంది, బస్తా దెబ్బ కదా.